ఎనిమిది వందల మంది పిల్లల ముందు ఏ గారడీ చెయ్యాలి?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకోవడం మామూలే. అవి మాట్లాడుకోక తప్పదు కూడా. ఈసారి భోజనాలకు ముందు ఓ అరగంట వేరే విషయం చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. "మీరు స్కూళ్ళలో మేజిక్ చేస్తున్నారు కదా, ఆ సంగతి చెప్పండి. మనవాళ్ళలో ఇంకో నలుగురు ముందుకొస్తారేమో" అన్నారు. ఆ మాట నాకు నచ్చి ఒప్పుకున్నాను.

ముందే మనవి చేస్తున్నాను, నేను వృత్తిరీత్యా ఐంద్రజాలికుణ్ణి కాను. ట్రెజరీలో పనిచేసి 2011లో పదవీ విరమణ చేసినవాణ్ణి. చిన్నప్పుడు సంతలో గారడీవాడు బుట్ట కింద మామిడి టెంక పెట్టి మొక్క మొలిపిస్తే నోరు తెరుచుకుని చూసిన పిల్లల్లో నేనొకణ్ణి. ఆ సరదా పోక, ఉద్యోగంలో ఉండగా పుస్తకాలు కొని, నేర్పేవాళ్ళ దగ్గర కూర్చుని, పేకముక్కలతో, నాణాలతో కొన్ని అంశాలు నేర్చుకున్నాను. బదిలీ మీద వెళ్ళే మిత్రుల వీడ్కోలు సభల్లో చేసేవాణ్ణి. అంతకు మించి అనుభవం లేదు.

రిటైరైన కొన్నేళ్ళకు ఓ విద్యాసంస్థ ప్రధానోపాధ్యాయులు వార్షికోత్సవంలో ఇరవై నిమిషాలు మేజిక్ చెయ్యమని కబురు పంపారు. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా పిల్లలు, మొత్తం 800 మంది. నేను సరేనన్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒకటే మాట అడిగింది. "మీ వేళ్ళు కాఫీ గ్లాసు పట్టుకుంటేనే వణుకుతున్నాయి. ఈ వయసులో అంతమంది పిల్లల చేత నవ్వించుకోవడం అవసరమా?"

ఆ ప్రశ్నలో న్యాయముంది. వణుకు నిజం. నవ్వుతారన్నదీ నిజమే కావచ్చు. కాబట్టి వెళ్ళాలా వద్దా అన్నది పక్కన పెట్టి, ఏ గారడీ అయితే ఈ రెండు నిజాలనూ తట్టుకుంటుంది అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ ఆలోచనే ఈనాటి నా ప్రసంగం.

మనకు కనికట్టు అనే చక్కని మాట ఉంది. కన్ను కట్టడం అని దాని భావం. చిన్నపిల్లలు కళ్ళు కట్టించుకోవడానికి సంబరంగా వస్తారు. మనలాంటి పెద్దవాళ్ళం మర్యాద కోసమైనా కట్టించుకుని చప్పట్లు కొడతాం. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ పిల్లలు ఆ రెండు కోవలకూ చెందరు. "ఎలా చేస్తావో చూస్తా" అన్నట్టు కూర్చుంటారు. పక్కన స్నేహితులున్నారు, వాళ్ళ ముందు తాము మోసపోయినట్టు కనపడటం ఆ వయసుకు గిట్టదు. పైగా ఈ రోజుల్లో గారడీ పేరు తెలిస్తే చాలు, దాని గుట్టు సెల్‌ఫోన్‌లో నిమిషంలో దొరుకుతుంది. ముందు వరుసలో ఒకడు వీడియో తీశాడంటే సాయంత్రానికి నలుగురు కూర్చుని ఆపి ఆపి, పెద్దది చేసి చూస్తారు.

దీన్ని నేను తప్పు పట్టడం లేదు. అడిగి తెలుసుకునే వయసు అది. ఆ వయసులో అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతారు? కాకపోతే అంశం ఎన్నుకునేవాడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. అందుకని నాకు వచ్చిన అంశాలన్నిటినీ ఓ కాగితం మీద రాసుకుని నాలుగు జల్లెడలు పట్టాను.

మొదటి జల్లెడ, చివరి వరుస. పేకముక్క వెడల్పు రెండున్నర అంగుళాలు, పొడవు మూడున్నర అంగుళాలు. మా వీడ్కోలు సభలో బల్ల చుట్టూ పదిమంది ఉన్నప్పుడు అది చాలు. వంద అడుగుల అవతల కూర్చున్న పిల్లకు అది ఇస్పేటో ఆటీనో ఎలా తెలుస్తుంది? నాణెం సంగతి చెప్పనే అక్కర్లేదు. కనపడనిది మాయమైతే ఎవరికి ఆశ్చర్యం? నేను బాగా సాధన చేసిన అంశాల్లో సగానికి పైగా ఈ జల్లెడలోనే రాలిపోయాయి. మనసుకు కష్టంగానే ఉంది. కానీ మనకు బాగా వచ్చింది వేరు, వాళ్ళకు బాగా కనపడేది వేరు.

రెండవ జల్లెడ, గుట్టు తెలిసినా నిలబడుతుందా అన్నది. పసుపునీళ్ళలో సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. పెద్ద గాజు జాడీలో చేస్తే చివరి వరుసకూ కనపడుతుంది. కానీ అది ప్రతి ఇంట్లో అమ్మమ్మ దిష్టి తీసిన నీళ్ళే. ఆ పిల్లలకు అందులో కొత్త ఏముంది? ఉక్కు రింగులు ఒకదాంట్లో ఒకటి దూరే అంశం కళ్ళకూ చెవులకూ కూడా పండుగే. అయితే అది ఎంత పాతదంటే, దాని గుట్టు చూసినవాడు సభలో ఒక్కడైనా ఉంటాడు. వాడొక్కడు అరిస్తే 800 మందికీ అరిచినట్టే. ఆ గుట్టు నేను మాత్రం ఇక్కడ చెప్పను. అది ఆ వృత్తివాళ్ళ అన్నం.

మూడవ జల్లెడ చాలా ముఖ్యమైనది. ఎవరికైనా దెబ్బ తగులుతుందా, ఎవరి మనసైనా నొచ్చుకుంటుందా అన్నది. ప్రమాదంతో కూడిన అంశాలకు కుర్రకారు ఈలలు వేస్తారు, ఆ మాట నిజమే. కానీ చరిత్ర చూడండి. చుంగ్ లింగ్ సూ అనే పేరుతో ప్రదర్శనలిచ్చిన విలియం రాబిన్‌సన్, తుపాకీ గుండును పట్టుకునే అంశం చేస్తూ 1918 మార్చిలో లండన్ వేదిక మీదే కూలిపోయాడు, మర్నాడు చనిపోయాడు. అంత వెనక్కి పోనక్కర్లేదు. 2019 జూన్‌లో చంచల్ లాహిరి అనే ఐంద్రజాలికుడు కాళ్ళూ చేతులూ కట్టించుకుని కోల్‌కతా దగ్గర హుగ్లీ నదిలో దిగి, తిరిగి పైకి రాలేకపోయాడు. ఏళ్ళ తరబడి సాధన ఉన్నవాళ్ళకే అలా జరిగింది. మనం నిప్పుతోనో బ్లేడుతోనో చేస్తే ఆ సాయంత్రమే ఇంట్లో చేసి చూసే పిల్లవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు.

మనిషిని రెండుగా కోసే అంశం కూడా ఆలోచించాను. 1921 జనవరిలో లండన్‌లో పి.టి. సెల్బిట్ దాన్ని జనం ముందు ప్రదర్శించి పేరు గడించాడు. మన పి.సి. సర్కార్ 1956 ఏప్రిల్‌లో బి.బి.సి. టెలివిజన్‌లో ఓ అమ్మాయిని రంపంతో కోసే అంశం చేస్తుండగా, సమయం అయిపోయి కార్యక్రమం హఠాత్తుగా ఆగింది. అమ్మాయి చనిపోయిందేమోనని భయపడి ప్రేక్షకులు ఆ కార్యాలయానికి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. సర్కార్‌గారి పేరు ఇంగ్లండంతా మారుమోగింది. ఘనమైన అంశమే, కాదనను. కానీ ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి కూర్చున్న బడిలో, ఓ అమ్మాయిని పెట్టెలో పడుకోబెట్టి కోస్తూ చప్పట్లు కొట్టమనడానికి నాకు మనసొప్పలేదు. ఇలాంటిదే ఇంకొకటి ఉంది. ఒక పిల్లవాణ్ణి వేదిక మీదకు పిలిచి, వాడి చెవిలోంచి గుడ్డు తీసి, జేబులోంచి లంగోటీ తీసి నవ్వించడం. అయిదేళ్ళవాడు తనూ నవ్వుతాడు. పదిహేనేళ్ళవాణ్ణి 800 మంది ముందు అలా చేస్తే ఆ ఏడాదంతా వాడికి అదే పేరుగా మిగిలిపోతుంది.

నాలుగవ జల్లెడ మన ఒళ్ళు. వణికే వేళ్ళతో హస్తలాఘవం సాగదు. దాన్ని దాచాలని చూస్తే ఇంకా ఎక్కువ కనపడుతుంది. చేతి నేర్పు అక్కర్లేనిదే మనకు తగినది.

నాలుగు జల్లెడలూ పట్టాక కాగితం మీద మిగిలింది ఒక్కటే, సర్కార్‌గారు ప్రసిద్ధం చేసిన చెంబు అంశం. 'వాటర్ ఆఫ్ ఇండియా' అని పిలిచేవారు. చెంబులో నీళ్ళన్నీ వొంపేస్తారు, ఇంకో అంశం చేస్తారు, మళ్ళీ వచ్చి వొంపితే మళ్ళీ నీళ్ళు. ఇలా ప్రదర్శన పొడుగునా సాగుతుంది. చెంబు అందరికీ కనపడుతుంది. మైకు దగ్గర పెడితే నీళ్ళ చప్పుడు వినపడుతుంది. చెయ్యి వణికి నాలుగు చుక్కలు పక్కన పడినా అందమే. కానీ ఇది అంశానికీ అంశానికీ మధ్య నంజుకునే ఆవకాయ లాంటిది. అన్నం వేరే కావాలి.

ఆ అన్నం నాకు మేజిక్ పుస్తకాల్లో కాక ట్రెజరీ లెడ్జరులో దొరికింది. మనలో లెక్కల సెక్షన్లలో పనిచేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రం లెక్క కట్టినప్పుడు రెండు వైపులా మొత్తాలు కలవకపోతే మా హెడ్ అకౌంటెంటుగారు, "తేడాను తొమ్మిదితో భాగించి చూడవయ్యా" అనేవారు. నిశ్శేషంగా పోయిందంటే ఎవరో అంకెలు తారుమారుగా ఎక్కించారన్నమాట. 54 బదులు 45 రాస్తే తేడా 9. 730 బదులు 370 రాస్తే తేడా 360, అదీ తొమ్మిదితో పోతుంది. కచ్చితంగా అదే కారణమని చెప్పలేం గానీ, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది. కంప్యూటర్లు రాకముందు ఎన్ని రాత్రులు ఈ తొమ్మిది మనల్ని ఇంటికి చేర్చిందో!

ఆ తొమ్మిది మీదే నడిచే పాత అంశం ఒకటుంది. మీరంతా చేతిలో ఉన్న ఎజెండా కాగితం వెనక వేసి చూడండి. మూడంకెల సంఖ్య ఒకటి అనుకోండి. మొదటి అంకెకూ చివరి అంకెకూ కనీసం రెండు తేడా ఉండాలి. దాన్ని తిరగేసి రాయండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యండి. వచ్చినదాన్ని మళ్ళీ తిరగేసి, ఈసారి కలపండి. ఉదాహరణకు 732 అనుకుంటే, 237 తీసేస్తే 495. దాన్ని తిరగేస్తే 594. రెండూ కలిపితే 1089. మీకెంత వచ్చింది? (సభికులు లెక్క వేశారు.) చూశారా, అందరికీ 1089. మన కోశాధికారిగారికి కూడా అంతే వచ్చింది కాబట్టి ఆడిట్ అభ్యంతరం లేదు.

మామూలుగా ఐంద్రజాలికులు దీన్ని ఒక్కరితో చేయిస్తారు. నిఘంటువు చేతికిచ్చి, 108వ పేజీలో 9వ మాట చూడమని, ఆ మాట తన కవరులోంచి తీసి చూపిస్తారు. పదిమంది ఉన్న గదిలో అది బాగుంటుంది. 800 మంది ముందు ఒక్కడు లెక్క వేస్తుంటే తక్కిన 799 మంది ఏం చెయ్యాలి? పోనీ అందరితో వేయిద్దామంటే, పక్కవాడికీ తనకూ ఒకే సంఖ్య వచ్చిందని చూసుకోగానే గుట్టు రట్టు. ఈ లోపం వల్లే చాలామంది దీన్ని పెద్ద సభకు పనికిరాదని వదిలేస్తారు.

నేను రెండు రోజులు దీని చుట్టూ తిరిగాను. చివరికి తట్టిందేమంటే, పెద్ద సభలో ఆ లోపాన్నే అంశం చేసుకోవచ్చు. నాకు మీ సంఖ్య తెలుసు అని గొప్ప చెప్పుకోవడం మానేసి, మీరంతా వేరువేరు చోట్ల బయలుదేరి ఒకే చోటికి ఎలా వచ్చారో చూడండి అని చూపించాలి. పదిమందికి ఒకే సంఖ్య వస్తే అది లెక్క. 800 మందికి వస్తే అది జాతర.

ఇంకో చిక్కు మిగిలింది. లెక్కలంటే భయపడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. "1089 వచ్చినవాళ్ళంతా లేచి నిలబడండి" అన్నామనుకోండి, కూర్చుండిపోయినవాళ్ళ గతేమిటి? మేజిక్ పేరుతో 800 మంది ముందు వాళ్ళ మార్కుల జాబితా చదివినట్టే. అందుకని మూడు ఏర్పాట్లు చేసుకున్నాను. ఇద్దరికొక కాగితం, ఒకరు సంఖ్య అనుకోవడం, రెండోవారు లెక్క వెయ్యడం. ఎవరినీ లేవమని గానీ చెయ్యెత్తమని గానీ అనకపోవడం. నేను మూడు అనగానే జవాబు అందరూ ఒక్కసారిగా గట్టిగా చెప్పడం. లెక్క తప్పినవాడి గొంతు ఆ హోరులో కలిసిపోతుంది, వాడు తప్పాడని ఎవరికీ తెలియదు.

మొదటి, చివరి అంకెలకు రెండు తేడా ఉండాలన్న నియమం కూడా ఇందుకే. తేడా ఒకటే అయితే తీసివేతలో 99 వస్తుంది. దాన్ని 099 అని రాసి తిరగేస్తే 990, కలిపితే 1089 సరిగ్గానే వస్తుంది. కానీ పిల్లలు 99ని తిరగేసి 99 అనే రాస్తారు, 198 దగ్గర ఆగిపోతారు. అంతమందిలో అలాంటివి పాతిక ముప్ఫై రావచ్చు. వాళ్ళ తప్పేమీ లేకుండా వాళ్ళు తప్పినట్టవుతుంది.

ఆ రోజు వేదిక వెనక తాడు కట్టి నాలుగు పెద్ద చార్టులు వెనక్కి తిప్పి క్లిప్పులతో తగిలించాను. ఒక్కో చార్టు మీద ఒక్కో అంకె, చార్టు నిండా. మొదటి నుంచీ అవి అందరి కళ్ళ ముందే ఉన్నాయి. చెంబుతో మొదలుపెట్టాను. చెయ్యి వణికి నీళ్ళు ఒలికాయి, ముందు వరుసలో నవ్వారు. నేనూ నవ్వాను. "తాతగారి చెంబు కదా, తాతగారిలాగే వణుకుతుంది" అన్నాను. ఆ తర్వాత వణుకు గురించి ఎవరూ పట్టించుకోలేదు.

లెక్క వేస్తుండగా అక్కడక్కడ గుసగుసలు మొదలయ్యాయి. "నీకూ అంతేనా?" అని వెనకవైపు ఎవరో అనడం నాకు వినపడింది. ఆ గుసగుసలు పెరిగి పెద్దవై, అందరి మొహాల్లో ఏదో జరుగుతోందన్న కళ వచ్చింది. ఇక ఆలస్యం చెయ్యకుండా ఒకటి, రెండు, మూడు అన్నాను. "వెయ్యీ ఎనభై తొమ్మిది" అని హాలంతా ఒకే గొంతుతో పలికింది. నలుగురు పిల్లలు వెళ్ళి చార్టులు తిప్పారు. ఆ తర్వాత మైకు పట్టుకుని నేనేమన్నా ఎవరికీ వినపడే పరిస్థితి లేదు.

సద్దుమణిగాక, "ఎందుకిలా వచ్చింది? నాకు శక్తులేమీ లేవు, ఇది లెక్క. ఎవరైనా చెప్పగలరా?" అన్నాను. ఐంద్రజాలికులు గుట్టు చెప్పకూడదని నియమం. కానీ ఈ గుట్టు ఏ ఒక్కరి సొత్తూ కాదు, అంకగణితానిది. పదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, "అంకెల బదులు అక్షరాలు రాస్తే తెలుస్తుంది సార్" అంది. వేదిక మీదకు వచ్చి బోర్డు మీద రాసింది. తిరగేసి తీసేసినప్పుడు మధ్య అంకె ఎగిరిపోతుందనీ, మిగిలేది మొదటి, చివరి అంకెల తేడాకు 99 రెట్లనీ చూపించింది. అంటే వచ్చేవి 198, 297, 396, 495, 594, 693, 792, 891 మాత్రమే. ప్రతిదాంట్లోనూ మధ్యలో తొమ్మిది, చివర్ల మొత్తం తొమ్మిది. తిరగేసి కలిపితే ఎవరికైనా 1089 తప్పదు. అమ్మాయి చాక్‌పీసు పెట్టి దిగుతుంటే వచ్చిన చప్పట్లు నాకు వచ్చిన వాటికంటే ఎక్కువ. అందుకు నాకు ఈర్ష్య కలగలేదు. చెంబు అయితే గుట్టు తెలియగానే చప్పబడిపోతుంది. ఈ లెక్క గుట్టు తెలిశాక ఇంకా బాగుంటుంది. ఆ వయసు పిల్లలకు ఎన్నుకోవలసింది అలాంటి అంశమేనని నా అభిప్రాయం.

కార్యక్రమం అయ్యాక ఓ తొమ్మిదో తరగతి కుర్రాడు అందరూ వెళ్ళేదాకా ఆగి, మడిచిన కాగితం చేతిలో పెట్టుకుని వచ్చాడు. "సార్, మాకు రాలేదు" అన్నాడు మెల్లగా. ఎంత వచ్చిందని అడిగాను. "1116" అన్నాడు. "నాన్నా, నాకు వెయ్యి నూటపదహార్లు చదివించావన్నమాట" అంటే నవ్వాడు. కాగితం విప్పకుండానే అన్నాను, "నీ కూడికా తప్పు కాదు, తీసివేతా తప్పు కాదు. తిరగేసేటప్పుడు అంకెలు అటూ ఇటూ అయ్యుంటాయి, చూసుకో." విప్పి చూశాడు. 543లోంచి 345 తీసేస్తే 198, అంతవరకూ సరిగ్గానే ఉంది. దాన్ని తిరగేసి 891 రాయవలసింది 918 అని రాశాడు. 198, 918 కలిపితే 1116. "కాగితం చూడకుండా ఎలా తెలిసింది సార్?" అని వాడు నోరు తెరిచాడు.

మీకు తెలుసు కదా ఎలాగో. 1116కూ 1089కీ తేడా 27. తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. అది మన హెడ్ అకౌంటెంటుగారి విద్య. ఆ పిల్లవాడికి కూడా చెప్పాను. వాడు అక్కడే నిలబడి 27ని, 360ని తొమ్మిదితో భాగించి చూసుకుని వెళ్ళాడు. మన ఉద్యోగాల్లో మనం నిత్యం వాడి, రిటైరైన రోజున బీరువా తాళాలతో పాటు అప్పగించి వచ్చేసిన ఇలాంటి విద్యలు ఎన్నో ఉన్నాయి. సర్వే శాఖవారికి గొలుసు కొలతలు, తంతి తపాలా వారికి మోర్స్ చప్పుళ్ళు, గిడ్డంగుల వారికి బస్తాల లెక్కలు. వీటిలో ఏది పిల్లల ముందు పెట్టినా వాళ్ళకది ఇంద్రజాలమే.

ఇంకొక్క మాట. మన దేశంలో చేతిలోంచి బూడిద రాల్చినవాడికి కాళ్ళకు మొక్కేవాళ్ళున్నారు. అదే పని వేదిక మీద చేసి "ఇది నేర్చుకున్న విద్య" అని చెప్పేవాడు ఐంద్రజాలికుడు. ఇద్దరికీ తేడా ఆ ఒక్క వాక్యమే. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో చేసిన సవరణతో మన రాజ్యాంగంలో చేరింది. మన తెలుగునాట 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక బాబాల మహిమల గుట్టును బడుల్లో చేసి చూపిస్తూ వచ్చింది. 2025లో కీర్తిశేషులైన బి.వి. పట్టాభిరామ్‌గారు ఇంద్రజాలంతో మొదలై వ్యక్తిత్వ వికాసం దాకా వెళ్ళి ఎన్నో పుస్తకాలు రాశారు. వాళ్ళంత పని మనం చెయ్యలేకపోవచ్చు. కానీ ఎంత చిన్న అంశం చేసినా "నాకు శక్తులేమీ లేవు" అన్న వాక్యం మాత్రం వదలకండి. తలనెరిసినవాళ్ళం చెబితే పిల్లలు దాన్ని కాస్త ఎక్కువగా నమ్ముతారు.

ముందుకు వచ్చేవారికి నా అనుభవంలోని నాలుగు సూచనలు. ముందురోజు వెళ్ళి హాల్లో చివరి కుర్చీలో కూర్చుని వేదికను చూడండి. అక్కణ్ణుంచి కనపడనిదేదీ పట్టుకెళ్ళకండి. మైకు ఒకరికి అప్పగించండి, లేదా మెడకు తగిలించుకునేది అడగండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. లెక్కల మేష్టారికి ముందే చెప్పి ఉంచండి, మర్నాడు తరగతిలో ఆయన కొనసాగిస్తారు. ఇరవై నిమిషాలు ఇస్తే పదిహేనుకే దిగిపోండి. ఇంకొంచెం ఉంటే బాగుండునని వాళ్ళు అనుకోవాలి, ఇంకా ఎప్పుడు దిగుతాడా అని అనుకోకూడదు.

ఆ చివరి సూచన నాకూ వర్తిస్తుంది. వంటశాలలోంచి సాంబారు వాసన వస్తోంది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మా ఆవిడ మూడో వరుసలోనే ఉంది. అప్పటి నుంచి ఇప్పటికి పదకొండు బడులకు వెళ్ళాను. ప్రతిసారీ చెంబు తోమి ఇస్తోంది గానీ, వద్దని మాత్రం మళ్ళీ అనలేదు.